ఆ ఇల్లు కట్టించింది ముత్తాత కాదు, తాతమ్మ

పాత ఇంటి గురించి ఇంట్లో చెప్పుకునే చరిత్రని కాగితాలతో సరిచూడకుండా నమ్మకండి. అందులో ఒక్క ఆడమనిషి పేరు కూడా వినపడకపోతే అసలు నమ్మకండి. నరసాపురం దగ్గర మా ఊళ్లో ఉన్న మండువా ఇంటి (నడిమధ్యన కప్పులేని వాకిలి ఉండే పాతకాలపు ఇల్లు) సంగతి తవ్వాక ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఒకటే కథ. ముత్తాతగారు కట్టించిన ఇల్లు, నూట అరవై ఏళ్ల ఇల్లు. రుజువులు కూడా చూపిస్తారు. వీధి గుమ్మం పైన 'ప్రభవ నామ సంవత్సర మాఘ మాసం' అని చెక్కి ఉంది. ఇల్లు కురిసినప్పుడు దించిన పెంకు తిరగేస్తే మంగళూరు బేసిల్ మిషన్ ముద్ర, దాని పక్కన 1865. ప్రభవ అంటే 1867, పెంకు 1865, ఇంకేం కావాలి అంటారు మా పెదనాన్నగారు. ఆ లెక్కన ముత్తాత పుట్టకముందే ఇల్లు కట్టించి ఉండాలి! అది మాత్రం ఎవరికీ తట్టలేదు.

ప్రభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1867లో వచ్చింది, 1927లోనూ వచ్చింది. ఇక పెంకు మీద ఉన్న 1865 ఆ పెంకు కాల్చిన ఏడాది కాదు, మంగళూరులో ఆ కార్ఖానా పెట్టిన ఏడాది. తరవాత ఎన్నేళ్లు పెంకులు చేసినా అదే అంకె వేశారు. కోస్తాలో ఎంతోమంది దాన్ని చూసి మా ఇల్లు 1865 నాటిది అనేస్తుంటారు. మా కప్పు మీదే కామన్వెల్త్ ట్రస్ట్ అని ముద్ర ఉన్న పెంకులు కూడా కలిసి ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆస్తి అని ఇంగ్లీషు ప్రభుత్వం బేసిల్ మిషన్ కార్ఖానాలు స్వాధీనం చేసుకున్నాక పుట్టిన కంపెనీ అది. అంటే ఆ కప్పు యుద్ధం తరవాత వేసిందే. మాఘ మాసం కాబట్టి గృహప్రవేశం 1928 మొదట్లో అయి ఉండాలి.

ముత్తాత పోయింది 1919లో. మరి ఇల్లు ఎవరు కట్టించినట్టు?

దానికి జవాబు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికింది. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, వెనక్కి వెళ్తే 1983 దగ్గర ఆగిపోతుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో సూచిక పుస్తకాలు వెతికించుకోవాలి. "అమ్మకం లేదు, లోను లేదు, మరి ఎందుకండీ ఇదంతా?" అని అక్కడి గుమాస్తా విసుక్కున్నారు. ఎందుకో చెప్పాల్సిన పని మనకి లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల ఒకటో పుస్తకం, దాని సూచికలు రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉన్న ఇంటికి అడంగల్ అనే పొలాల లెక్క పుస్తకంలో మన పేరు ఉండదు, కాబట్టి మొదట అడగాల్సింది దస్తావేజులే. ఇంకో చిక్కు ఉంది. 1904 దాకా గోదావరి జిల్లాలో ఉన్న నరసాపురం తాలూకా ఆ ఏడు కృష్ణా జిల్లాలోకి పోయింది, 1925లో పశ్చిమ గోదావరి అయింది. మన ఊరు ఏనాడూ కృష్ణా జిల్లాలో లేదు కదా అనుకుంటే అసలు దస్తావేజు కళ్ల ముందున్నా వదిలేస్తాం.

1923 నాటి క్రయ దస్తావేజు దొరికింది. కొన్నది మా తాతమ్మ. దస్తావేజులో ఆవిడ పేరు పక్కన కీర్తిశేషులైన భర్త పేరు, 'వితంతువు' అన్న మాట. తూర్పు కాలవ గట్టు, దక్షిణం రాజవీధి, పడమర కంసాలి వారి దొడ్డి, ఉత్తరం మునసబు గారి కొబ్బరి తోట. ఈ నాలుగు హద్దుల మధ్య ఉన్న తాటాకిల్లు, నుయ్యి, ఫలవృక్షాలతో సహా, 'మీ స్త్రీధనపు భూమి అమ్మగా వచ్చిన రొక్కం నాకు ముట్టినది గనుక' అని అమ్మినాయన రాసిచ్చాడు. పెంకులు లేవు, మండువా లేదు. ఆవిడ కొన్నది తాటాకిల్లు.

నకలు చూపిస్తే పెదనాన్నగారు, "అప్పులవాళ్ల భయానికి ఆడవాళ్ల పేర పెట్టేవారులేరా" అన్నారు. అలా చేసిన కుటుంబాలు ఉన్నమాట నిజమే. కానీ అప్పటికి నాలుగేళ్ల క్రితమే చనిపోయిన మనిషి ఎవరికి భయపడి భార్య పేర స్థలం కొంటాడు?

1931లో ధాన్యం ధర పడిపోయినప్పుడు ఆవిడే ఇల్లు తనఖా పెట్టింది. 'మండువా పెంకుటిల్లు' అన్న మాట మొదటిసారి కనిపించేది ఆ దస్తావేజులోనే. అసలు కాగితం ఇంట్లోనే, భోషాణంలో ఉంది. దాని కింద ఆవిడ వేలిముద్ర, వెనక వరసగా అప్పు చెల్లులు. యాభై, ఇరవై, ఒకచోట పన్నెండు రూపాయలే. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతుల రుణ విమోచన చట్టం తెచ్చి వడ్డీ కోసేసింది. మరుసటి ఏడాదే ఆఖరి చెల్లు. 1948లో తన కొడుకు, మా తాతయ్యకి ఇల్లు ఇచ్చేస్తూ దఖలు దస్తావేజు రాసిచ్చింది. దాని కింద వేలిముద్ర లేదు. పెద్ద పెద్ద అక్షరాలతో, ఇంటిపేరు పైకీ అసలు పేరు కిందకీ జారిపోయిన సంతకం ఉంది. ఆవిడ ఎప్పుడు రాయడం నేర్చుకుందో, ఎవరు నేర్పారో చెప్పేవాళ్లు ఇవాళ మా ఇంట్లో లేరు. ఆ సంతకం చూసినప్పటి నుంచీ నాకు మనసు నిలవడం లేదు.

పిల్లాణ్ణి చంకనేసుకుని స్థలం కొని, ఇల్లు లేపి, అప్పు తీర్చి, కొడుక్కి అప్పగించిన మనిషిని 'పాపం, చిన్నప్పుడే పసుపుకుంకుమలు పోయాయి' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేశాం. హాల్లో దండ వేసిన ఫోటో ముత్తాతగారిది. ఆవిడది ఫోటోనే లేదు.

మా ఒక్క ఇంటి సంగతే అయితే ఇంత రాసేదాన్ని కాదు. గోదావరి జిల్లాల్లో ఇళ్లు పడగొడుతున్నారు, స్తంభాలు, తలుపులు పాత కలప వ్యాపారులు కొనుక్కుపోతున్నారు. వాటితో పాటు భోషాణం అడుగున ఉన్న కాగితాలు చెత్తలోకి పోతున్నాయి. ఆ గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఇప్పుడే కూర్చోబెట్టి చదివించుకోండి, ఫోటోలు తీసి పెట్టుకోండి. గుమ్మం మీద అక్షరాలు, పెంకు వెనక ముద్రలు కూడా.

ఇప్పుడు మా ఇంట్లో భాగపరిష్కారం, అంటే ఆస్తి పంపకం, జరుగుతోంది. డాక్యుమెంట్ రైటర్ తెచ్చిన డ్రాఫ్టులో 'మా ముత్తాతగారి నుండి వంశపారంపర్యముగా సంక్రమించిన గృహము' అని ఉంది. ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు దస్తావేజులుగా 1923 క్రయం, 1948 దఖలు నంబర్లు రాయాలి, ఆవిడ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయాలి అన్నాను. ఇంత చిన్న విషయానికి ఎందుకమ్మా పేచీ అంటున్నారు. నాకిది చిన్న విషయం కాదు. ఆ వాక్యం మార్చాకే నేను సంతకం పెడతాను.