రేటు ముందా, పేట ముందా?

నలభై, నలభై అయిదు లక్షల్లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. విశాఖలో జీతం మీద బతికే కుటుంబం ఇంతకు మించి ఆశ పెట్టుకోవడం లేదు. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగి, ప్రైవేటు స్కూల్లో టీచరమ్మ, పరవాడ ఫార్మాసిటీలో కెమిస్టు, ఆసుపత్రిలో నర్సు... కాస్త అటూ ఇటూగా అందరి బడ్జెట్టూ ఇదే. సిరిపురం, కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్‌బే కాలనీ వీళ్ల చేయి ఎప్పుడో దాటిపోయాయి. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో కావాలంటే పాతబడిన అపార్టుమెంటులో వెతుక్కోవాలి. ఇక మిగిలినవి ఊరి అంచులు. ఉత్తరాన మధురవాడ, కొమ్మాది. దక్షిణాన గాజువాక, కూర్మన్నపాలెం. పడమర గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి. వీటిలో ఏది తమకు సరిపోతుందో చెప్పే పని మన ఊళ్లో బ్రోకర్ల నోటికి, రంగుల బ్రోచర్లకు వదిలేశాం. ఒక కుటుంబం ఇరవై ఏళ్ల సంపాదనను తాకట్టు పెట్టే నిర్ణయానికి ఇంత తక్కువ సమాచారం చాలదని మా అభిప్రాయం.

ఇక్కడ స్థలం ఇంత ప్రియం కావడానికి ఊరి రూపమే సగం కారణం. తూర్పున సముద్రం, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండల వరస, దక్షిణాన డాల్ఫిన్ నోస్, యారాడ కొండ. నడుమ ఉన్న నేలలో నౌకాదళానికి, పోర్టుకు, రైల్వేకు, ఉక్కు కర్మాగారానికి పోగా మిగిలిందే జనానికి. అందుకే విశాఖ నాలుగు వైపులా సమానంగా పెరగలేదు, 16వ నంబరు జాతీయ రహదారి వెంట పొడుగ్గా సాగింది. ఒకటే ప్రధాన రహదారి కావడంతో ఎన్ఏడీ దగ్గరో, మద్దిలపాలెంలోనో, హనుమంతవాకలోనో ట్రాఫిక్ ఆగితే ఊరు ఊరంతా ఆగుతుంది. ఇంటికీ ఉద్యోగానికీ మధ్య ఈ జంక్షన్లు ఎన్ని పడతాయన్నదే విశాఖలో అసలు దూరం. కిలోమీటర్ల లెక్క ఆ తర్వాతే.

ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది గాజువాక నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా దక్షిణం వైపు. ఫ్లాట్ల ప్రకటనల హోరు ఉత్తరాన మధురవాడ చుట్టూ. ఈ రెంటికీ పొత్తు కుదరక నలిగిపోతున్న కుటుంబాలు ఎన్నో. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఇంటి అప్పు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే లక్షకు నెల వాయిదా దాదాపు 868 రూపాయలు. మూడు లక్షలు తక్కువకు వస్తోందని దూరంగా కొంటే వాయిదాలో కలిసొచ్చేది నెలకు 2,600. ఆ ఇంటి నుంచి డ్యూటీకి రోజూ రానుపోను నలభై కిలోమీటర్లు అదనంగా బైకు నడపాలనుకోండి. లీటరుకు 45 కిలోమీటర్ల మైలేజీతో, నూరు దాటిన పెట్రోలు ధరతో, నెలకు పాతిక డ్యూటీలకు 2,400 దాకా పెట్రోలు బంకుకే పోతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లయితే తగ్గింపు మాట అటుంచి ఎదురు ఖర్చు. రోజుకు రెండు గంటలు రోడ్డు మీద పోవడం, రాత్రి షిఫ్టు దిగి హైవే మీద నిద్రకళ్లతో బండి నడపడం ఏ వాయిదాల పట్టికలోనూ కనిపించవు. పరవాడలో పనిచేసే మనిషికి ఫ్లాటు తూర్పు ముఖమా పడమర ముఖమా అన్నదాని కంటే కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందన్నది పెద్ద విషయం.

సైట్ చూడటానికి మన వాళ్లు ఆదివారం వెళ్తారు. కంపెనీ కారు ఇంటికొచ్చి ఎక్కించుకుంటుంది, రోడ్లు ఖాళీగా ఉంటాయి, పావుగంటలో ఆఫీసుకు చేరిపోవచ్చని ఏజెంటు చెబితే నమ్మబుద్ధేస్తుంది. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు అదే దారిలో తమ బండి మీద వెళ్లి చూడాలి. చీకటి పడ్డాక ఇంకోసారి వెళ్లాలి. వీధి లైట్లు వెలుగుతున్నాయా, చివరి బస్సు ఎన్నింటికి, ఆడపిల్ల ట్యూషన్ నుంచి నడిచొచ్చే దారి ఎలా ఉంది అన్నవి అప్పుడే తెలుస్తాయి. పక్క అపార్టుమెంటు వాచ్‌మన్‌తో అయిదు నిమిషాలు మాట్లాడితే బ్రోచరు నాలుగు పేజీల్లో లేని సంగతులు బయటికొస్తాయి. మే నెలలో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారో, బోరు ఏ నెలలో అడుగంటుతుందో, వానాకాలం సెల్లారులోకి నీళ్లెంత వస్తాయో అతనికి నోటికొచ్చు. నెలనెలా కట్టే మెయింటెనెన్సులో ట్యాంకర్లకు పోయేదెంతో అడిగి తీరాలి.

నీటి సంగతి ఈ ఊళ్లో పేట పేటకూ వేరు. కుళాయి ఉన్నంత మాత్రాన నీళ్లున్నట్టు కాదు. నగర కార్పొరేషన్ జీవీఎంసీ పైపులైను వీధిలోకి వచ్చిందా, అపార్టుమెంటుకు కనెక్షన్ ఇచ్చారా, రోజూ వస్తున్నాయా అన్న మూడూ విడివిడిగా అడగాలి. బీచ్ పక్కన బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే ప్రమాదం ఉంది. అక్కడ ఉప్పుగాలికి గ్రిల్స్, లిఫ్టు రోపులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు తుప్పుపట్టే వేగం కూడా ఖర్చులో రాసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్ల కిటికీల అద్దాలు ఏమయ్యాయో చూసినవాళ్లు సీ వ్యూ కోసం అదనంగా చెల్లించే ముందు ఆలోచిస్తారు. ఇక గెడ్డలు, అంటే కొండవాగులు. కొండల మీద కురిసిన వాన గెడ్డల్లోంచే దిగిపోవాలి. గెడ్డను పూడ్చి, పైన రోడ్డు వేసి, పక్కన అపార్టుమెంటు కట్టినచోట నీళ్లు తమ దారి తాము వెతుక్కుంటూ పార్కింగులోకి వస్తాయి. మేఘాద్రిగెడ్డ దిగువన పల్లపు కాలనీల్లో కొనేవాళ్లు ఒక్క వానాకాలమైనా గడిచేదాకా ఆగాలి.

గాలి గురించి మరీ గట్టిగా చెప్పాలి. వన్‌టౌన్‌లో ఉదయం తుడిచిన కిటికీ గ్రిల్ మీద సాయంత్రం వేలు పెడితే నల్లటి పొడి అంటుకుంటుంది. పోర్టు బొగ్గు ధూళి మీద అక్కడి జనం ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఇల్లు చవకగా వచ్చిందని చేరినవాళ్లు కిటికీలు మూసుకుని బతుకుతున్నారు, ఉబ్బసం ఉన్న పిల్లలకు మందులు కొంటున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా ఆ ఫ్యాక్టరీ మొదలైనప్పుడు అది ఊరి వెలుపల. తర్వాత ఇళ్లు దాని గోడ దాకా వచ్చాయి. ఆ ఇళ్లకు రోడ్లు వేసిందీ, కరెంటిచ్చిందీ, పన్ను వసూలు చేసిందీ ప్రభుత్వ యంత్రాంగమే. అక్కడ కొన్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే ప్లాంటుకు ఎంత దూరంలో తమ ఇల్లు ఉందో వాళ్లకు ఎవరూ కాగితం మీద చెప్పలేదు. ఉత్తరం వైపు కొనేవాళ్లు కూడా కాపులుప్పాడ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి వీచే వేళ ఒకసారి వెళ్లి రావాలి.

స్థలం హక్కుల విషయంలో పడమర వైపు కొనేవారు అదనంగా జాగ్రత్త పడాలి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి - సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూవివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. ఈ అయిదు గ్రామాల పరిధిలో సర్వే నంబరు రిజిస్ట్రేషన్లకు వీల్లేని 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా నోటరీ కాగితం మీద డబ్బు ఇవ్వడం చాలా పెద్ద ప్రమాదం. మిగతా చోట్ల కూడా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ కాపీ చూసుకోవాల్సిందే. ప్లానులో ఉన్న అంతస్తులకూ, కట్టిన అంతస్తులకూ తేడా ఉంటే పై అంతస్తు ఫ్లాటు ఎంత చవకైనా ముట్టుకోకూడదు.

స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా ఉంది కదా అన్న ధీమా కొంతవరకే పనికొస్తుంది. ఆ చట్టం కింద కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మంచి నిబంధనలే. కానీ 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోనో, ఎనిమిదికి మించని ఫ్లాట్లతోనో కట్టే అపార్టుమెంటుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. మన ఊళ్లో చిన్న బడ్జెట్టు వాళ్లు కొనే అపార్టుమెంట్లు చాలావరకు రెండు, మూడు వందల గజాల్లో లేచినవే. రక్షణ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే అది అందడం లేదు. ఈ లోటును రాష్ట్ర ప్రభుత్వం పూడ్చాలి.

పన్నుల లెక్కలో మాత్రం విశాఖ వాసికి ఒక చిన్న ఊరట ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉన్న నిర్మాణంలోని ఫ్లాటుకు జీఎస్టీ ఒక్క శాతమే. హైదరాబాదు, బెంగళూరు వంటి మెట్రోల్లో ఈ పరిమితి 60 చదరపు మీటర్లు. 45 లక్షల మీద ఈ ఒక శాతానికీ, మిగతా ఫ్లాట్లకు పడే అయిదు శాతానికీ తేడా లక్షా ఎనభై వేలు. అయితే చదరపు అడుగు రేటు 4,500 దాటితే వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటే ఈ గీత దాటిపోతుంది. 2019లో గీసిన గీతను ఇవాళ్టి ధరలకు తగ్గట్టు జరపాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం దీనికి అదనం.

ఈ ఊళ్లో పెద్ద చర్చకు రాని దారి ఇంకొకటి ఉంది. మర్రిపాలెం, మురళీనగర్, కంచరపాలెం, అక్కయ్యపాలెం వంటి చోట్ల పదిహేను, ఇరవై ఏళ్ల నాటి రీసేల్ ఫ్లాట్లు. లిఫ్టు చిన్నది, పార్కింగు ఇరుకు, ఎలివేషన్ పాతది. కానీ ఊరి నడిబొడ్డు, బస్సులు దగ్గర, బడి, ఆసుపత్రి, రైతుబజారు అందుబాటులో, వానాకాలం ఎలా ఉంటుందో ఇరుగుపొరుగుకు తెలుసు. జీఎస్టీ లేదు. బిల్డింగు వయసు చూసి బ్యాంకు అప్పు కొంత తగ్గించవచ్చు, పిల్లర్లు, స్లాబు ఇంజినీరుకు చూపించాలి. ఇవన్నీ కలిపి చూసినా, ఊరి నడుమ ఉద్యోగం ఉన్న కుటుంబానికి అంచున కొత్త ఫ్లాటు కంటే నడుమ పాత ఫ్లాటే మేలని మా ఉద్దేశం. దక్షిణాన పనిచేసేవారికి గాజువాక, కూర్మన్నపాలెం వైపు లోపలి కాలనీలు నయం. మధురవాడ ఐటీ ఉద్యోగికి, ఆ చుట్టుపక్కల కాలేజీల్లో పనిచేసేవారికి బాగుంటుంది. అందరికీ కాదు.

భోగాపురం విమానాశ్రయం, మెట్రో, 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ - ప్రతి బ్రోచరులోనూ ఇవే. మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్ల ప్రతిపాదన, స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది దాకా పెద్ద కారిడార్. అది రావాలని మేమూ కోరుకుంటున్నాం. కానీ పట్టాలు పడని రైలు పేరు చెప్పి ఇవాళ్టి రేటు పెంచడం అన్యాయం. ఉండటానికి ఒకే ఒక్క ఇల్లు కొనుక్కునే కుటుంబానికి రేటు పెరిగినా ఒరిగేదేమీ లేదు. అమ్ముకుని ఎక్కడికి పోతారు? పెరిగేది పక్కింటి రేటు కూడా.

ఒకప్పుడు నగరాభివృద్ధి సంస్థ వుడా ఎంవీపీ కాలనీని సెక్టార్లుగా వేసి, రోడ్లు, పార్కులు వదిలి, మధ్యతరగతికి ఇంటి దారి చూపింది. దాని వారసురాలు వీఎంఆర్‌డీఏ ఇవాళ ప్లాట్లను వేలంలో అమ్ముతోంది. వేలంలో డబ్బున్నవాడే గెలుస్తాడు. బస్సు రూట్లకు దగ్గరలో ఉన్న స్థలాల్లో కొంత భాగమైనా వేలం నుంచి తప్పించి, 45 లక్షల లోపు ఫ్లాట్లుగా కట్టి, సొంత ఇల్లు లేనివారికి లాటరీలో ఇవ్వాలి. దానికి ఏళ్లు పడుతుందంటే, వెంటనే చేయగలిగింది ఒకటుంది. నీటి సరఫరా వేళలు జీవీఎంసీ దగ్గర ఉంటాయి. 22ఏ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర, గాలి కొలతలు, ప్రమాదకర పరిశ్రమల వివరాలు కాలుష్య నియంత్రణ మండలి, ఫ్యాక్టరీల శాఖ దగ్గర ఉంటాయి. వాటన్నిటినీ వార్డుకు ఒక కాగితంగా, తెలుగులో, ప్రతి వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టించాలి. ఆ పని జిల్లా కలెక్టరు, జీవీఎంసీ కమిషనరు కలిసి కూర్చుంటే వచ్చే వేసవిలోపే పూర్తవుతుంది.