జాలీ గోడ కేసు: తీగల వారికీ, అక్షరాల వారికీ

తిరుపతిలో లాడ్జి కట్టించే ప్రతి యజమానికీ ఇప్పుడు ముందు గోడకి ‘పారామెట్రిక్’ జాలీ, అంటే ఒక అంకె మారిస్తే కన్నాలన్నీ వాటంతటవే మారే జాలీ, కావాలి. కాబట్టి జిల్లా శాంతిభద్రతల దృష్ట్యా ఒక వివాదాన్ని తక్షణం తేల్చాల్సి ఉంది. ఆ జాలీని గ్రాస్‌హాపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో డబ్బాలూ తీగలూ కలిపి గీయాలా, పైథాన్ అనే కోడింగ్ భాషలో అక్షరాలా రాయాలా? 2007లో డేవిడ్ రట్టెన్ చేతుల్లో గ్రాస్‌హాపర్, రైనో అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కి తోడుగా వచ్చింది. అప్పటినుంచీ ఒక వర్గం రెండో వర్గాన్ని మనుషుల్లో జమకట్టడం లేదు.

సాక్ష్యంగా ఒక గోడ తీసుకుందాం. వెడల్పు 12 మీటర్లు, ఎత్తు 9 మీటర్లు, 300 మిల్లీమీటర్లకొక గడి. అంటే అడ్డంగా 40, నిలువుగా 30, మొత్తం 1200 కన్నాలు.

తీగల వారు అంకెల వరస ఇచ్చే సిరీస్ డబ్బాలు రెండు (అడ్డానికి ఎక్స్, నిలువుకి వై) పెట్టి, వాటిని బిందువులు చేసే కన్‌స్ట్రక్ట్ పాయింట్‌కి కలుపుతారు. వచ్చేవి 1200 కాదు, 40 బిందువులే. చిన్న జాబితా అయిపోగానే దాని చివరి అంకెనే మళ్ళీ మళ్ళీ వాడుకోవడం గ్రాస్‌హాపర్ స్వభావం. అందుకే 30 బిందువులు ఏటవాలుగా ఎక్కి, మిగతా 10 పైవరసలో అడ్డంగా సాగుతాయి. (దీన్నే కాన్సెప్టుగా యజమానికి చూపించి ఒప్పించగల ప్రతిభావంతులు మన ఊళ్ళో లేకపోలేదు.) ఇక్కడ చేయాల్సింది గ్రాఫ్ట్, అంటే జాబితాలో ఒక్కో అంకెనీ ఒక్కో కొమ్మగా విడదీయడం. వైకుంఠం క్యూ కాంప్లెక్సు తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు: గ్రాఫ్ట్ అంటే ఒక్కో భక్తుడికి ఒక్కో కంపార్ట్‌మెంటు, ఫ్లాటెన్ అంటే తలుపులన్నీ తీసి అందర్నీ ఒకే హాల్లోకి వదలడం. ఎక్స్‌కి మాత్రమే గ్రాఫ్ట్ పెడితే 40 కొమ్మలు, కొమ్మకు 30 చొప్పున 1200 వస్తాయి. జాగ్రత్త కొద్దీ రెండింటికీ పెట్టేవారు తిరిగి 40 దగ్గరికే చేరి, సాఫ్ట్‌వేర్‌ని తిడతారు.

అక్షరాల వారు దీన్ని చూసి నవ్వుతారు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ‘ఫర్’ ఒకటి, దాని లోపల ఇంకో ఫర్, రెండు వరసల్లో పని అయిపోయింది. ఆ తర్వాత ఆ 1200 బిందువుల జాబితాను పక్క స్క్రిప్ట్ డబ్బాకి ఇస్తారు. దాని ఇన్‌పుట్ ఒక్కొక్కటిగా తీసుకునే ఐటమ్ యాక్సెస్‌లో ఉండిపోవడంతో స్క్రిప్టు మొత్తం 1200 సార్లు నడుస్తుంది. రైట్ క్లిక్ చేసి, జాబితా మొత్తాన్నీ ఒకేసారి తీసుకునే లిస్ట్ యాక్సెస్ అని మార్చాలి. మార్చరు, కొత్త ల్యాప్‌టాప్ కావాలని అర్జీ పెడతారు.

కన్నాల సైజు సంగతి. ఏడుకొండల వైపు మూలలో ఒక బిందువు పెట్టి, దానికి దూరమయ్యేకొద్దీ కన్నాన్ని 60 నుంచి 240 మిల్లీమీటర్ల దాకా పెంచాలట. దీనిలో భక్తి ఉంది, ఎండ లెక్క లేదు. పడమటి గోడ మీద మే నెల మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతుందని అడిగినవాడు రెండు వర్గాల్లోనూ లేడు. సరే, దూరాలను కన్నాల సైజులుగా మార్చే రీమ్యాప్ నంబర్స్ డబ్బాకి టార్గెట్ (కావలసిన సైజుల హద్దులు) ఇచ్చి సోర్స్ (దూరాల హద్దులు) మరిచారనుకోండి. సోర్స్ దానంతటది 0 నుంచి 1 అనుకుంటుంది. దూరాలేమో మిల్లీమీటర్లలో 14 వేలు దాటాయి. అవతలి మూలలో కన్నం రెండున్నర కిలోమీటర్లకు పైనే వస్తుంది. గాలీ వెలుతురూ ధారాళం. దూరాలను బౌండ్స్ డబ్బాకిచ్చి, అందులోంచి వచ్చే డొమైన్‌ని, అంటే అన్నిటికన్నా చిన్న, పెద్ద దూరాల హద్దుల్ని, సోర్స్‌కి కలిపితే గోడ మళ్ళీ గోడవుతుంది.

అప్పటికీ వందల రకాల సైజులు మిగులుతాయి. అచ్చులు పోసేవాడు పారిపోకుండా 60తో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి గుండు చేసి, మళ్ళీ 60తో హెచ్చిస్తే 60, 120, 180, 240 అని నాలుగే అచ్చులు. ఇక్కడే కేసు మలుపు తిరిగింది. తీగల వారు దీనికి మూడు డబ్బాలు పెట్టలేదు; ఇన్‌పుట్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ప్రెషన్‌లో ఫార్ములా రాసేశారు, అదీ అక్షరాల్లో, ఎవరూ చూడకుండా. అక్షరాల వారి స్క్రిప్టు ఉన్నది ఒక డబ్బాలో, ఆ డబ్బాకి అటూ ఇటూ తీగలు. పైగా రైనో 7లో పాత పైథాన్ అయిన ఐరన్‌పైథాన్ 2.7 కింద పూర్ణాంకంగా వచ్చిన 170ని 60తో భాగిస్తే దశాంశం పోయి 2, అంటే 120 అచ్చు. అదే కోడ్ రైనో 8లో పైథాన్ 3 కింద 2.83, గుండు చేస్తే 3, అంటే 180 అచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకుంటే గోడ మారడమే నిజమైన పారామెట్రిక్ అని వారి వాదన.

ఈ దశలో మేస్త్రీ వచ్చాడు. ఆయనకి డబ్బాలూ వద్దు, కోడూ వద్దు. “అదంతా సరేగానీ సామీ, ఏ వరసకి ఏ సైజు ఎన్నెన్ని?” అన్నాడు. 30 వరసలు, 4 సైజులు, ఒక్క కాగితం. ఇరువర్గాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆ కాగితాన్ని చివరికి ఎక్సెల్‌లో చేతితో నింపాయి.

ఎక్సెల్ వర్గం వారు ఇప్పుడు తమకూ ప్రత్యేక గుర్తింపు కావాలంటున్నారు. వారి అర్జీ పరిశీలనలో ఉంది.