పది ఐడీల ఉమ్మడి కుటుంబం

ఉమ్మడి కుటుంబాలు పోయాయని బాధపడేవాళ్లను ఒకసారి మా మేనల్లుడి ఆఫీసుకు తీసుకెళ్లాలనుంది. ఇంజినీరింగ్ పాసై రెండేళ్లు ఖాళీగా తిరిగాక, వాడు ఒక పార్టీ సోషల్ మీడియా వింగ్‌లో చేరాడు. ఏ పార్టీ అని అడక్కండి, ఎదుటి పార్టీ గదిలోనూ ఇదే ఉక్క. వాడి బల్ల మీద చెక్కకి రబ్బరు బ్యాండ్లతో బిగించిన పది ఫోన్లు. ఒక్కోదాని కింద తెల్ల టేపు మీద పెన్నుతో రాసిన పేరు: రైతుబిడ్డ, న్యూట్రల్ నాని, నిజం చెప్పే లక్ష్మి... పది మందీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద, ఏనాడూ వాటాల గొడవ లేకుండా బతికేస్తున్నారు.

ఇలాంటి కుటీర పరిశ్రమకు సబ్సిడీ ఇవ్వకపోగా అడ్డంకులొకటి. ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ములకు మించి ఇవ్వరట. మరి పదో మనిషి గతేంటి? అందుకే వాడు మా అమ్మ ఆధార్ పట్టుకెళ్లాడు. ఫోన్ మోగితే ఎర్ర బటన్ నొక్కి 'హలో' అనే మా అమ్మ, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో 'తొలి ఓటు సింహం'గా యువతకు దారి చూపిస్తోంది. వాట్సాప్ అయితే 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకేసారి ఐదు చాట్లకే కట్టడి చేసింది. కుర్రాళ్ల బొటనవేళ్ల గురించి ఎవరికీ పట్టలేదు. 2019 ఎన్నికల ముందు ఫేస్‌బుక్ ఇక్కడి పేజీలు, ఖాతాలు వందల్లో తీసేసింది. అంతమంది ఒక్కరోజులో పోయినా ఎక్కడా సంతాప సభ జరగలేదు.

రష్యా వాళ్లను చూసి నేర్చుకోవాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్ సవుష్కినా వీధిలో, 55వ నంబరు భవనంలో షిఫ్టులు పెట్టి, తలా ఇన్నని లెక్కగట్టి మరీ కామెంట్లు రాయించారు. మనవాళ్లకు కల్యాణ మండపం మీద రేకుల షెడ్డు.

అయినా క్రమశిక్షణకు లోటు లేదు. పొద్దున ఎనిమిదింటికి పైనుంచి కంటెంట్ దిగుతుంది. ఒకే మాటని పది గొంతుల్లో పలికించాలి. రైతుబిడ్డ అక్షర దోషాలు తప్పనిసరిగా చేయాలి (ఇది మావాడికి సహజంగానే వస్తుంది). నాని ఏం రాసినా 'నేను ఏ పార్టీ కాదు కానీ' అని ఎత్తుకోవాలి. ఓసారి నిద్రమత్తులో ఫోన్ మారి, లక్ష్మి ఇలా రాసింది: 'పొద్దున గడ్డం గీసుకుంటూ ఈ వార్త చదివాను, కన్నీళ్లాగలేదు.' నలభై లైకులు వచ్చాయి. ఎవరికీ అనుమానం రాలేదు. కొట్టినవాళ్లంతా పక్క బల్లవాళ్లే.

చేసేది పది మంది పని, జీతం ఒక్కడిది, అదీ మూడు నెలలుగా బాకీ. మొన్న రాత్రి ఉక్రోషం ఆపుకోలేక వాడు మొదటిసారి సొంత పేరుతో ఒక పోస్టు పెట్టాడు: 'మా కష్టానికి డబ్బులు ఇవ్వండి సార్.'

తెల్లారి ఎనిమిదింటికి ఆ పోస్టు లింకుతో పైనుంచి మెసేజ్ దిగింది: 'వీడెవడో అమ్ముడుపోయాడు. అందరూ ఏసుకోండి.'

మావాడు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. ముందుగా నాని ఫోన్ అందుకున్నాడు. 'నేను ఏ పార్టీ కాదు కానీ...'