ముందు గోడ మిగిలింది, మరి ఇల్లు?

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రీమోడలింగ్ పూర్తయిన పాత రో హౌస్‌ని, అంటే పక్కిళ్లతో గోడలు పంచుకుంటూ వరుసగా కట్టిన ఇంటిని, వీధిలోంచి చూస్తే అంతా పంతొమ్మిదో శతాబ్దమే. ఎత్తైన రాతి మెట్లు, గోధుమరంగు రాయి, బరువైన జంట తలుపులు. తలుపు తీస్తే మాత్రం ఈ చివర నుంచి పెరటిదాకా ఒకటే హాలు, అటు చివర నిలువెత్తు గాజు గోడ. దీన్ని పునరుద్ధరణ అంటే నాకు మింగుడుపడదు.

అసలు ఈ ఇళ్లు దేని మీద నిలబడ్డాయి? న్యూయార్క్‌లో స్థలాలు సాధారణంగా 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. బిల్డర్లు నాలుగు స్థలాలు కలిపి, అందులో 20 అడుగుల ఇళ్లు అయిదు ఇరికించేవారు. చెక్క దూలాలు ఈ పక్క గోడ నుంచి ఆ పక్క గోడకు అడ్డంగా ఉంటాయి. అంటే అంతస్తుల బరువు ప్రధానంగా మోసేది పక్కింటితో ఉన్న ఉమ్మడి ఇటుక గోడ. అందరూ ఫొటోలు తీసే ముందు గోడ మోసేది దాదాపు తన బరువు మాత్రమే. ఆ గోధుమరంగు రాయి కూడా చాలాచోట్ల ఇటుక మీద వేసిన కొన్ని అంగుళాల తొడుగే! అది ఇసుకరాయి. పొరలు నిలువుగా వచ్చేలా దాన్ని నిలబెట్టిన చోట నీరు దిగి, చలికి గడ్డకట్టి, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

చారిత్రక కట్టడాలను కాపాడేందుకు నగరంలో 1965లో వచ్చిన ల్యాండ్‌మార్క్స్ చట్టం ఎన్నో వీధులను కూల్చివేత నుంచి కాపాడింది, కాదనను. కానీ లోపలి భాగాలకు రక్షణ దొరికేది జనం వెళ్లే వీలున్న కట్టడాలకే. అందుకే చారిత్రక ప్రాంతంలో వీధివైపు కిటికీ మార్చాలంటే అనుమతి కావాలి. లోపలి పాత మెట్లు పీకేస్తే మాత్రం ఆ చట్టానికి పట్టదు.

ఆ మెట్లేమో ఇంటికి ఊపిరి. రెండు పక్కలా ఉమ్మడి గోడలే కాబట్టి ఇంటి మధ్యలో కిటికీ పెట్టే వీల్లేదు. పైకప్పులోని గాజు కిటికీ నుంచి వెలుగు మెట్ల వెంబడే కింది అంతస్తులకు దిగేది, వేడిగాలి అటునుంచే పైకి పోయేది. ఇప్పుడు మెట్ల పక్క గోడ తీసేసి, దాని బదులు స్టీలు బీము పెడుతున్నారు. ఇల్లు విశాలమవుతుంది, నిజమే. వంటింటి చప్పుడు కూడా అన్ని అంతస్తులకూ వినిపిస్తుంది, అది వేరే సంగతి.

మార్పే వద్దనడం లేదు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇవే ఇళ్లను గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు, కొన్నింటికి ముందు మెట్లు కూడా తీసేశారు. ఆ కాలం కూడా ఇంటి చరిత్రే. కానీ రీమోడలింగ్‌లో ముందుగా తుడిచిపెట్టేది దాన్నే.

గోడ తీసేసిన చోట పాత చెక్క నేల మీద నాలుగైదు అంగుళాల ఖాళీ పట్టీ మిగులుతుంది. గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు అదొక్కటే. దాన్ని అదే రంగు చెక్కతో పూడ్చి, కనబడకుండా పాలిష్ పట్టిస్తారు. నేనైతే వేరే రంగు చెక్కతో పూడ్చమంటాను.