మరిదిగారూ, అది ఊడ్చడం కాదు

కెనడాలోని కాల్గరీలో తీసిన అర నిమిషం వీడియో ఒకటి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కర్లింగ్ అనే ఆట అది: మంచు మీద బరువైన రాయిని జార్చి వదులుతారు, దాని ముందు జట్టువాళ్లు చీపుర్లతో మంచు రుద్దుకుంటూ పరుగెడతారు. పది నిమిషాల్లో గ్రూపంతా నవ్వు బొమ్మలే. "వదినా, అంత దూరం వెళ్లి ఊడ్చే పని చూస్తున్నారా?" అని మరిదిగారు. "అక్కా, వాళ్లలో ఇద్దర్ని పర్లాకిమిడి పంపించు, మన వీధి శుభ్రపడుతుంది" అని తోడికోడలు. అప్పుడు నేనూ నవ్వాను. తిరిగొచ్చి నెలైంది. ఇప్పటికీ ఎవరు కనబడినా అదే జోకు. ఇక నాకు నవ్వు రావడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను. పొడుగే, ఓపికున్నవాళ్లు చదవండి.

అబ్బాయి ఉద్యోగం అక్కడ. చలికాలంలో వెళ్లడం నా తెలివితక్కువతనం. ఒక శనివారం కోడలు "ఎంతసేపని ఆ హీటర్ పక్కన కూర్చుంటారు అత్తయ్యా" అని దగ్గర్లో ఉన్న కర్లింగ్ క్లబ్బుకి తీసుకెళ్లింది. రెండు స్వెట్టర్లు, పైన శాలువా. అద్దం వెనక కుర్చీలు, చేతిలో టీ. పక్కపక్కనే నాలుగు మంచు బాటలు, ఒక్కోటీ 45 మీటర్ల పొడుగు. నాలుగింటి మీదా ఒకేసారి ఆట. ఏ రాయి ఎవరిదో తెలుసుకునేసరికే అరగంట పట్టింది.

బాట చివర వలయాలు ఉంటాయి, పన్నెండడుగుల వెడల్పు. దాన్ని హౌస్ అంటారు. జట్టుకి నలుగురు, మనిషికి రెండు రాళ్లు. పదహారూ వేశాక లెక్క చూస్తారు. నడిమధ్యకి ఎవరి రాయి దగ్గరో పాయింట్లు ఆ జట్టుకే, రెండో జట్టుకి సున్నా. ఎదుటివాళ్ల దగ్గరి రాయికన్నా లోపల మీవి ఎన్నుంటే అన్ని పాయింట్లు. చిన్నప్పుడు గోలీలాడినవాళ్లకి ఇందులో అర్థం కానిదేముంది? కాకపోతే ఇక్కడ గోలీ బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది. ఆ గ్రానైట్ స్కాట్లాండ్ పక్కన ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవిలో దొరుకుతుందట. టెక్కలి గ్రానైట్ లారీల వెనక ఇన్నేళ్లు దుమ్ము మింగినదాన్ని, మన రాయి పనికిరాదా అని అడిగాను. ఆ దీవి రాయి నీళ్లు పీల్చదు, అందుకని మంచులో పగలదు అంది కోడలు. సరే, ఒప్పుకున్నాను.

మొదట్లో రాయి వదిలేవాళ్లనే చూశాను. అందరి కళ్లూ వాళ్ల మీదే ఉంటాయి కదా. తర్వాత చీపుర్ల దగ్గర చూపు ఆగిపోయింది.

ఆ మంచు అద్దంలా నున్నగా ఉండదు. ఆటకి ముందు దాని మీద సన్నటి నీటి చుక్కలు చల్లుతారు, అవి గడ్డకట్టి బొడిపెల్లా నిలుస్తాయి. మన వాకిట్లో ఊడ్చాక కళ్లాపి, వాళ్ల దగ్గర కళ్లాపి చల్లాక ఊడుపు! రాయి ముందు పరుగెడుతూ గట్టిగా రుద్దితే మంచు పైపొర కాస్త వేడెక్కి రాపిడి తగ్గుతుంది. రాయి ఇంకొన్ని మీటర్లు సాగుతుంది, వంపు తగ్గి తిన్నగా పోతుంది. చీపురు రాయికి తగలకూడదు. తగిలితే ఎవరూ అడక్కముందే తగిలిందని వాళ్లే ఒప్పుకుంటారు.

ఒకావిడ, జుట్టంతా తెలుపు, నా వయసే ఉంటుంది. వాళ్ల జట్టు రాయి సగం దారిలోనే చచ్చిపోయిందనుకున్నాను. అవతలి చివరనుంచి కెప్టెన్ "హర్రీ! హార్డ్!" అని పూనకం వచ్చినట్టు అరుస్తున్నాడు. ఆవిడ ఒళ్లంతా చీపురు మీద మోపి, పరుగెడుతూ రుద్దుకుంటూ ఆ రాయిని వలయంలోకి తీసుకొచ్చేసింది. రాయి వదిలిన కుర్రాడు మోకాలి మీద కూర్చుని చూస్తున్నాడు, అంతే. వలయం నడిగీత దాటాక ఎదుటి జట్టు కూడా మీ రాయి ముందు రుద్దొచ్చు. దగ్గరుండి సాయం చేసి మరీ బయటికి సాగనంపుతారన్నమాట! ఆ తెలివి చూసి టీ ఒలకబోసుకున్నాను.

"ఇదీ ఒక ఆటేనా" అన్న మేనల్లుడికి: 1998 నుంచి ఒలింపిక్స్‌లో పతకాలిస్తున్నారు నాయనా. 2015లో ఆ చీపురు కొసకి తొడిగే గుడ్డ మీద ఎంత తగువైందో తెలుసా? కొత్తరకం గుడ్డతో రాయిని కావలసిన వైపు తిప్పేస్తున్నారని పెద్ద పెద్ద ఆటగాళ్లే గొడవపడ్డారు. మరుసటేడు ప్రపంచ కర్లింగ్ సమాఖ్య పరీక్షలు పెట్టించి, ఏ గుడ్డ వాడాలో తేల్చాల్సి వచ్చింది.

అసలు మనకి నవ్వొచ్చింది ఆట చూసి కాదు, చీపురు చూసి. అదీ ప్యాంటేసుకున్న మగవాడి చేతిలో చూసి. రథయాత్ర రోజు పూరీలో గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో రథం ఊడుస్తుంటే టీవీ ముందు లేచి నిలబడి దండం పెట్టేది ఈ మరిదిగారే. ఆయన ఇంట్లో చీపురు ఏ మూల ఉంటుందో మాత్రం ఆయనకి తెలియదు. నలభై ఏళ్లుగా నేను వాకిలి ఊడుస్తున్నాను, "హర్రీ" అన్నవాళ్లున్నారు గానీ చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. నేనేదో గొప్పదాన్నని కాదు. సవర ఆడవాళ్లు కొండ దిగి మా సంతకి కొండచీపుర్ల కట్టలు తెస్తారు. వాళ్లతో పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడిన చెయ్యి కూడా ఇదే.

ఆట చివర్లో ఓడిపోతున్న జట్టు ఇక లాభం లేదనుకుని, రాళ్లు మిగిలుండగానే చేతులు కలిపేసింది. తర్వాత రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. గెలిచినవాళ్లే డబ్బులిచ్చి తాగించాలట. తెల్లజుట్టావిడ మా పక్కకే వచ్చింది. చేతులు నొప్పిపుట్టవా అని కోడలిచేత అడిగించాను. భుజం పట్టుకుని ముఖం చిట్లించి నవ్వింది.

"మీ ఇంట్లో ఎవరు ఊడుస్తారో కూడా అడుగు" అన్నాను.

"బాగోదు అత్తయ్యా" అని కోడలు నా చేతిలో ఇంకో టీ పెట్టింది.