మా అమ్మ ఓటు ఎవరేశారు?

పొద్దున్నే తలస్నానం చేసి, మోకాళ్ల నొప్పులతోనే గంటన్నర లైన్లో నిలబడింది మా అమ్మ. తీరా లోపలికెళ్తే, "మీ ఓటు పడిపోయిందమ్మా" అన్నారు. ఎలా పడుతుంది? వేలు చాపి చూపించింది. సిరా చుక్క కూడా లేదు. మరి ముందు వచ్చినావిడ కార్డు ఎవరు చూశారు? జాబితాలో ఫోటోతో మొహం పోల్చారా? అంతమంది ఏజెంట్లు కూర్చున్నారే, ఒక్కరికీ అనుమానం రాలేదా?

గొడవ పెట్టుకుంటే గానీ టెండర్ ఓటు, అంటే మన పేరు మీద ముందే ఎవరో ఓటేసేస్తే మనకిచ్చే ఓటు, ఇవ్వలేదు. 1961 నాటి ఎన్నికల నిబంధనల్లో 49పి అని స్పష్టంగా ఉంది కదా, అడిగేదాకా చెప్పరేం? కాగితం బ్యాలెట్ ఇచ్చారు, కవర్లో పెట్టి పక్కన పడేశారు. కోర్టు దాకా వెళ్తే తప్ప ఆ కవరు తెరవరు. దొంగ వేసిన ఓటు మాత్రం మెషిన్లో భద్రంగా ఉంది, లెక్కలోకి వస్తుంది!

దొంగ ఓట్లతోనే ప్రభుత్వాలు మారిపోతున్నాయని నేననను. కానీ ఈ జాబితాలేంటండీ? ఎప్పుడో పోయిన మా తాతయ్య పేరు ఉంది, పక్కింటి కుర్రాడు పేరు చేర్చమని రెండుసార్లు ఫారం 6 పెట్టినా రాలేదు. 2018లో తెలంగాణలో ఓట్లు గల్లంతైతే ఎన్నికల ప్రధానాధికారే క్షమాపణ చెప్పారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రాలో పేర్లు తీసేయమని లక్షల్లో ఫారం 7లు, తమ పేరు మీద ఎవరు పెట్టారో కూడా జనానికి తెలీదు. ఓడినవాళ్లు ఈవీఎంలని తిడతారు, గెలిచినవాళ్లు నోరెత్తరు. జాబితా ఎవరికీ పట్టదు.

ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే అడిగింది, "నాది లెక్కపెడతారా?" అని. ఏం చెప్పను?