ఫిన్లాండ్ మురుగు కాలువ గారికి

మహారాజశ్రీ ఫిన్లాండ్ అడవి మురుగు కాలువ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీరు కుశలమే, మీ గట్టు అవతలున్న పీట్ నేల, అంటే కుళ్లని నాచు పేరుకున్న చిత్తడి, మాత్రం కాదు. కాబట్టి సగం కుశలోపరి.

మా గోదావరి జిల్లాల్లో పంట కాలువ అంటే అన్నం పెట్టే తల్లి. మురుగు కాలువలూ ఉన్నాయి గానీ వాటికెవరూ హారతి పట్టరు. మీకు పట్టారు. ఆ దేశంలో మూడో వంతు నేల, దాదాపు కోటి హెక్టార్లు, ఒకప్పుడు చిత్తడి. పేపరు మిల్లులకు కలప కావాలని, ముఖ్యంగా 1960, 70లలో, ముప్పై నలభై మీటర్లకొకరు చొప్పున మిమ్మల్ని తవ్వి, అందులో సగం దాకా ఆరబెట్టారు. చాలాచోట్ల చెట్లు ఏపుగా పెరిగాయి, కాదనను. సారంలేని చోట్ల మాత్రం పైన్ చెట్లు బక్కచిక్కి అలాగే నిలబడ్డాయి. నీళ్లూ పోయాయి, కలపా రాలేదు.

మీకు ఆవకాయ జాడీ తెలియదు కదా, చెబుతాను. ముక్కల మీద నూనె తేలుతున్నంత కాలం పచ్చడికి ఢోకా లేదు. ఏ తెలివైనవాడో వచ్చి ‘ఇంత నూనె దండగ’ అని ఒంపేశాడా, వారంలో బూజు. పీట్ నేలకు నీళ్లే ఆ నూనె. అక్కడి స్ఫాగ్నం నాచు గుప్పెడు తీసి పిండితే తడిబట్ట పిండినట్టు ధార కడుతుంది. తన ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకోగలదు మరి. చచ్చిన నాచు ఆ నీళ్ల కింద గాలి తగలక కుళ్లదు. ఏడాదికి అటూ ఇటూగా ఒక మిల్లీమీటరు చొప్పున వేల ఏళ్లు పేరుకుంటుంది. మీరొచ్చి నీటి మట్టాన్ని జానెడు, రెండు జానలు దించారు. గాలి దూరింది. పాత కాలపు కార్బన్ కుళ్లి ఆకాశానికి బయలుదేరింది, నేల కుంగింది.

మీ తరఫు వకీలు ఒక పాయింటు లాగుతాడు. తడి చిత్తడి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతుంది, ఆరబెడితే తగ్గుతుంది అని. నిజమే. మరి మీ కడుపులో నిలవున్న నీళ్లలోంచి లేచే మీథేన్ బుడగలు ఎవరి ఖాతాలో రాయమంటారు?

ఎండలు ముదిరితే మీ వంశ ప్రతాపం ఇంకా బాగా కనిపిస్తుంది. మాస్కో చుట్టుపక్కల మీ దాయాదులు విద్యుత్ కేంద్రాల్లో కాల్చే పీట్ తవ్వడం కోసం చిత్తడిని ఆరబెట్టి పెట్టారు. 2010 వేసవిలో ఆ నేల లోలోపలే రాజుకుంది. నగరమంతా పొగ. ఆ తర్వాత ప్రభుత్వమే డబ్బు పెట్టి, మీవాళ్లు తోడేసిన నీళ్లను మళ్లీ నింపే పనిలో పడింది.

మీ ఊళ్ల సంగతికే వస్తాను. ఉత్తర కరేలియాలో సెల్కియె అనే పల్లె పక్కన లిన్నున్‌సువొ అనే చోట పీట్ తవ్వారు. అడుగున గంధకం ఉన్న మట్టి గాలికి బయటపడితే ఆమ్లమవుతుంది. 2010లో ఆ ఆమ్లపు నీరు యూకాయొకి ఏట్లోకి దిగింది, చేపలు తేలాయి. కనిపెట్టింది చేపలు పట్టే ఊరివాళ్లు. పని ఆపించి ఊరుకోలేదు వాళ్లు. ఆ నేల మళ్లీ తడిసింది, పిట్టలు గుంపులుగా దిగాయి. తేరో ముస్తొనెన్ నడిపే స్నోచేంజ్ సహకార సంఘం దాన్ని కొనుక్కుంది కూడా. ఆయనకు 2023లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. మీకేమో, పాపం, ఒక్కటీ రాలేదు.

కొన్నేళ్లకోసారి పూడిక తీయించుకోవడం మీకు అలవాటు. ఈమధ్య పొక్లెయిన్ చప్పుడు వినిపిస్తే మాత్రం మురిసిపోకండి. మిమ్మల్ని తవ్వినప్పుడు గట్టు మీద పోసిన మట్టినే ఎత్తి మీ నోట్లో పోయడానికి వస్తున్నారు.

ఇట్లు,
జాడీలో నూనె తగ్గితే కంగారుపడే ఒకడు